మడచెట్టు మీద బావ

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆ మనిషికి 'నిదానం' అని పేరు పెట్టింది స్నేహితులే. బడిలో చదివే రోజుల్లో గంట కొట్టగానే పిల్లలంతా గుమ్మం దగ్గర తోసుకుంటుంటే, ఇతను మాత్రం పెన్సిలు చెక్కడం ముగించి, పొట్టు ఎత్తి బుట్టలో వేసి, అప్పుడు బయటికొచ్చేవాడు. యాభై దాటినా ఆ గుణం పోలేదు. గోరంత మర బిగించాలన్నా ముందు చేతులు తుడుచుకుంటాడు, దీపం దగ్గరికి లాక్కుంటాడు, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. భార్యకు ఒక్కోసారి విసుగొచ్చినా, నలుగురిలో మాత్రం "మా ఆయన తొందరపడి ఏనాడూ తప్పు చేసి ఎరగరు" అని గొప్పగానే చెప్పుకునేది.

ఆమె అన్నయ్య అతనికి చిన్ననాటి జతగాడు, ఆ తర్వాత బావ. బేకరీ నడుపుతాడు. తను పిసికే పిండిలాగే తనూ పొంగిన మనిషి. మూడోవాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నిద్రలో తప్ప నోరు మూయడు కాబట్టి అతను 'రేడియో' అయ్యాడు.

ముగ్గురూ కలిసి చేపల వేటకు వెళ్ళాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారు. ఒకరికి తీరితే ఇంకొకరికి తీరదు. చివరికి ఒక వేసవిలో బావ బేకరీకి తాళం వేసి, "ఇప్పుడు కాకపోతే ఇక చేతికర్రలు పట్టుకునే వయసొచ్చేస్తుంది, గాలాలు పట్టేది ఉండదు" అని ఇద్దర్నీ బయల్దేరదీశాడు.

నది సముద్రంలో కలిసే చోట వాళ్ళ బస. నీళ్ళమీదికి కట్టిన చెక్కగదులు, కింద బురద, చుట్టూ మడచెట్లు. పడవ అద్దెకిచ్చే ఆమె తాడు విప్పుతూ హెచ్చరించింది.

"అయ్యా, చేపలు ఎన్నైనా పట్టుకోండి. పడవ మాత్రం దిగొద్దు. ఇక్కడ దుంగ కనబడితే దుంగే అనుకోకండి."

"మా బావను చూస్తే మొసలే దుంగ అనుకుంటుందమ్మా" అన్నాడు రేడియో. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు.

మొదటిరోజు హాయిగా గడిచింది. గాలం వేయడంలో నిదానానికి ఎదురు లేదని తేలింది. ఎర గుచ్చి కొయ్యబొమ్మలా కూర్చుంటే చేపలు వాటంతటవే వచ్చి తగులుకున్నాయి. మిగతా ఇద్దరూ కుళ్ళుకున్నారు.

రెండోరోజు మధ్యాహ్నం, ఓ సన్నటి పాయలోకి పోయారు. చేపలు బాగా పడుతున్నాయని కూర్చుండిపోయారు. ఈలోగా సముద్రపు పాటు మొదలై నీరు వెనక్కి తీసింది. తిరిగి బయల్దేరదామని చూస్తే పడవ ముక్కు బురదలో కూరుకుపోయి ఉంది. రేడియో వెనకవైపు ఇంజను దగ్గర ఉన్నాడు. ఎంత గుంజినా పొగే గాని కదలిక లేదు.

"దిగి తోస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు?" అని బావ బురదలోకి దిగాడు. వద్దు వద్దంటూనే నిదానం కూడా దిగాడు. ఇద్దరూ రొమ్ములానించి తోశారు. పడవ అంగుళం జరగలేదు.

"ఉండరా, కింద పెట్టి ఎత్తడానికి కొమ్మేదైనా దొరుకుతుందేమో చూస్తా" అంటూ బావ ఈదుకుంటూ వెళ్ళినట్టు ఆ బురదలో చెట్ల వైపు నడిచాడు. అటు తిరిగి ఓ ఎండుకొమ్మ విరవడంలో మునిగిపోయాడు.

అప్పుడు చూశాడు నిదానం. ఎడమపక్క ఒడ్డున, అంతవరకూ బురదగడ్డ అనుకున్నది పొట్ట ఎత్తి నాలుగు కాళ్ళమీద లేచింది.

'బావా' అని అరవాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు. ఇద్దరు తోస్తే కదలని పడవ ఒక్కడు తోస్తే సర్రున జారింది. అంచు పట్టుకుని లోపలికి బోర్లా పడ్డాడు. పడుతూనే "పోనీ! పోనీ!" అని కేక పెట్టాడు. తల వంచి ఇంజనుతో కుస్తీ పడుతున్న రేడియో, ఇద్దరూ ఎక్కారనుకుని పడవను ఒక్క ఊపున వెనక్కి పోనిచ్చాడు.

నిదానం లేచి చూసేసరికి మధ్యలో బోలెడు నీళ్ళు. ఒడ్డున బావ చేతిలో కొమ్మతో నిలబడి ఉన్నాడు. మొసలిని ఆయన ఇంకా చూడలేదు. పోతున్న పడవను చూస్తున్నాడు. ఎక్కడికిరా అన్నట్టు చెయ్యి తిప్పి అడిగాడు. ఆ ముఖంలో భయం లేదు, కోపం లేదు. ఏదో సరదాకి చేస్తున్నారనుకున్న నవ్వు సగం ఉంది. ఆ సగం నవ్వే నిదానం గుండెలో దిగబడిపోయింది.

తర్వాత బావ తల తిప్పాడు. కొమ్మ పారేశాడు. ఆ శరీరంతో, ఆ బురదలో ఎలా పరిగెత్తాడో, నీళ్ళమీదికి వంగిన మడచెట్టు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. మొసలి తాపీగా వచ్చి చెట్టు మొదట్లో నోరు తెరుచుకుని పడుకుంది.

రేడియో ఇంజను మూత పట్టుకుని డబడబా బాదాడు. నిదానం తెడ్డుతో నీళ్ళు చరిచాడు, పట్టిన చేపలన్నీ ఒక్కొక్కటే దూరంగా విసిరాడు. అది తోకైనా ఆడించలేదు. చాలాసేపటికి తనకే విసుగుపుట్టిందేమో, లేచి నీళ్ళలోకి జారింది. బుడగైనా రాలేదు. కనబడినప్పటికంటే ఇప్పుడే ముగ్గురికీ ఒళ్ళు చల్లబడింది.

"కాసేపు ఆగుదాంరా. ఎక్కడుందో ఏమో" అన్నాడు రేడియో.

"ఆ కొమ్మ చూడు, విరిగేట్టుంది. పోనీ" అన్నాడు నిదానం.

అతను పడవ ముక్కున నిలబడ్డాడు. కాళ్ళు గడగడలాడుతున్నాయి. కింద నల్లటి నీళ్ళలోకి చూడకుండా పైనున్న కొమ్మ రెండు చేతులా పట్టుకున్నాడు. బావ అతని భుజంమీద కాలు మోపి, ధబ్బున పడవలో పడ్డాడు. పడవ తలకిందులైనంత పనైంది.

బావ ఆయాసం తీర్చుకున్నాడు. తర్వాత ముఖం తడుముకుని, "నా కళ్ళజోడు పోయిందిరా" అన్నాడు. ఖాళీ బుట్ట వంక చూసి, "చేపలు కూడానా?" అన్నాడు.

బస చేరాక పడవామె వేడివేడి టీ తెచ్చిచ్చి, నెత్తీనోరూ బాదుకుంది. అప్పుడే రేడియోకు అనుమానం వచ్చింది.

"ఇంతకీ పోనీ పోనీ అని అరిచిందెవర్రా?"

నిదానం చేతిలో గ్లాసు ఆగిపోయింది. నోరు తెరిచాడు.

"నేనే" అన్నాడు బావ, టీ ఊదుకుంటూ. "మొసలిని చూశా. పడవంటూ ఉంటేనే గదా మీరు మళ్ళీ వచ్చి నన్ను దించేది. అందుకే పొమ్మన్నా."

"గుండె ధైర్యం గల మనిషివి బావా!" అన్నాడు రేడియో. నిదానం తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆ కథ రేడియో నోట ఇంకా పెరిగింది. చెల్లెలు అన్నయ్య చేతులు పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. భోజనాల దగ్గర మొగుడి వైపు తిరిగి, "మీరు పక్కన ఉన్నారు కాబట్టి సరిపోయింది" అంది కళ్ళు తుడుచుకుంటూ.

నిదానానికి ముద్ద దిగలేదు. పళ్ళెం పక్కకు జరిపి, "పోనీ అన్నది మీ అన్నయ్య కాదు. నేను. ఆయన్ని ఒడ్డున వదిలేసి నేను పడవెక్కాను" అన్నాడు.

రేడియో సైతం మూగబోయాడు. ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆ తర్వాత ఆమె అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబిచ్చేది. 'ఏమండీ' అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో వినబడలేదు.

కొన్నాళ్ళకు బావ దుకాణానికి వచ్చాడు, కొత్త కళ్ళజోడు కోసం. నిదానం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల పలక ముందు దీపం వేసి, కంటికి అద్దాలు మార్చి మార్చి పెట్టాడు. చివరికి చేతిలో అద్దం అలాగే పట్టుకుని అడిగాడు.

"ఎందుకు అబద్ధం చెప్పావు బావా?"

"చెల్లెలి కాపురం నీతో గదరా. మొసలితో నాకున్నది ఒక్క పూట తగాదా."

"నామీద కోపం రాలేదా?"

"రాకేం? చెట్టుమీద ఉన్నంతసేపూ నిన్నే తిట్టా. బళ్ళో నువ్వు నా పలక పగలగొట్టిన దగ్గర్నుంచి మొదలెట్టా. నా చెల్లెల్ని నీకిచ్చిన నా బుద్ధిని తిట్టా. మీ నాన్ననూ వదల్లా, పాపం పెద్దాయన. నువ్వు పడవ ముక్కున వణుకుతూ నిలబడేసరికి నా దగ్గర తిట్లు అయిపోయాయి. ఇప్పుడు కొత్తగా తిట్టాలంటే మళ్ళీ చెట్టెక్కాలి." బావ గడ్డం ఎత్తాడు. "అద్దం పెట్టు. కింది వరస కనబడ్డంలేదు."

నిదానం వెంటనే పెట్టలేకపోయాడు. ముందు తన కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఆ సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి భార్య ఆరిన బట్టలు మంచంమీద గుట్టగా పోసి మడతలు పెడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అన్నయ్య బదులు అక్కడ నేనుంటే?"

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. వెంటనే చెప్పగలిగిన మాట ఒకటుంది. అది నాలుక చివరే ఉంది.

"తెలీదు" అన్నాడు. "వదలను అనే అనుకుంటున్నా. కానీ ఆ పొద్దున నువ్వు అడిగుంటే మీ అన్నయ్య గురించి కూడా అదే చెప్పేవాణ్ణి."

ఆమె చేతులు ఆగాయి. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. పెళ్ళినాటి నుంచి చూస్తున్న ముఖమే, అయినా చూసింది. తర్వాత గుట్టలోంచి పెద్ద దుప్పటి లాగి, రెండు కొసలు అతనికి అందించి, మిగతా రెండూ తను పట్టుకుని వెనక్కి జరిగింది.

"గట్టిగా లాగండి. ముడతలు పోవాలి" అంది.

అతను లాగాడు.