తెరుచుకోని నలభై ఒక్క ఫైళ్లు

మా ఇంట్లో ఏ వస్తువు మార్చాలన్నా ముందు మీటింగు జరుగుతుంది. ఆ మీటింగులో నా పని టీ ఇవ్వడం. విండోస్ టెన్‌కి అక్టోబరుతో కాలం చెల్లిపోతోందని, హాల్లో ఉన్న కంప్యూటర్‌ని కొత్త సిస్టమ్‌కి మార్చకపోతే దొంగలు చొరబడి బ్యాంకు వివరాలు ఎత్తుకుపోతారని మావారు ద్వారకానాథ్, మా అబ్బాయి ఆదర్శ్ కలిసి తేల్చారు. శనివారం పని పెట్టుకున్నారు. నాకు ఆ రోజు డ్యూటీ ఉంది, ఆదివారం చేసుకోండి, నేనూ ఉంటాను అన్నాను.

"నువ్వుండి ఏం చేస్తావు?" అన్నారాయన.

ఖాళీ టీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లాను. ఊరుకోవడం నాకు పాతికేళ్ల అలవాటు.

ఆ కంప్యూటర్‌లో ఆయన పన్ను కాగితాలున్నాయి, ఫొటోలున్నాయి, నా పుస్తకం ఉంది. తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. మెల్‌బోర్న్ శివార్లలోని ఎప్పింగ్‌లో పని ముగించుకుని మూడున్నరకి క్రెయిగీబర్న్‌లో ఇల్లు చేరి, కుక్కర్ పెట్టేసి, రోజుకో గంట. ఆయన అదే హాల్లో సోఫాలో కూర్చుని యూట్యూబ్‌లో రాజకీయ చర్చలు వినేవారు. అధ్యాయానికో ఫైలు చొప్పున నలభై అధ్యాయాలు పూర్తయ్యాయి, నలభై ఒకటోది సగంలో ఉంది. విజయవాడలో ఒక ప్రచురణకర్త నెలాఖరులోగా పంపమన్నాడు, నచ్చితే వేస్తానన్నాడు. అన్నీ కలిపి ఒకేసారి పంపుదామని ఒక్కటీ పంపలేదు. స్నేహితురాలు వీణ చదువుతానని అడిగితే, పూర్తయ్యాక చూద్దువుగానిలే అన్నాను. నా తెలివి అలా తెల్లారింది.

రాసింది పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో. ఎప్పుడో హైదరాబాదు వెళ్లినప్పుడు తెచ్చుకున్నది. లోకమంతా యూనికోడ్‌లోకి మారినా నా వేళ్లు ఆ కీబోర్డును వదల్లేదు. దాని ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే చక్కటి తెలుగు కనిపిస్తుంది. లేనిచోట తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు, అన్నీ అర్థంలేని గుర్తులు, డాలర్లు, ముక్కలైన ఇంగ్లిషు అక్షరాలు. తెలుగు టైపు చేసిన మా కాలం వాళ్లందరికీ ఇది తెలిసిందే. మెల్‌బోర్న్‌లో పుట్టిన పిల్లాడికి నేను చెబితేగా తెలిసేది. చెప్పలేదు.

శనివారం పొద్దున ఏడింటికల్లా పనిలో ఉన్నాను. నా పని రక్తపరీక్షలకు వచ్చేవాళ్ల చేతికి సూది గుచ్చి రక్తం తీయడం. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి నాలుగేళ్లు డాక్టరుగా చేశాను. ఇక్కడ డాక్టరు కావాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. మొదటిసారి పరీక్షకు వారం ముందు ఆయనకు ఐదొందల కిలోమీటర్ల అవతలి మిల్డూరాకి బదిలీ అయింది. రెండోసారి ఆదర్శ్‌కి సెలెక్టివ్ స్కూలు ప్రవేశపరీక్షకు కోచింగ్, దింపి తీసుకురావడానికి ఇంట్లో వేరే మనిషి లేదు. మూడోసారి నేనే దరఖాస్తు పెట్టలేదు. పుస్తకం నిండా ఇదే.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు చేరేసరికి తండ్రీకొడుకులు మంచి హుషారుగా ఉన్నారు. ఆదర్శ్ అన్నీ తెరిచి చూపించాడు. ఫొటోలు ఏ ఏటికి ఆ ఏడు సర్దాడు. నా ఫోల్డర్ ఏదిరా అన్నాను.

వాడు నెమ్మదిగా చెప్పాడు. పాత డిస్కు ఊడదీసి, కేబుల్‌తో తన లాప్‌టాప్‌కి తగిలించి, సరిగ్గా తెరుచుకున్నవాటినే కొత్త డిస్కులోకి ఎక్కించాడట.

"నీవి ఓపెన్ చేశానమ్మా, ఆల్ ఫార్టీ వన్. అన్నీ జంక్ క్యారెక్టర్సే. కరప్ట్ అయిపోయాయనుకున్నా. డాడ్‌ని అడిగా కూడా."

నా పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా తెరిచి చూసినవాడు ఈ భూమ్మీద వాడొక్కడే. నాకు వాడి మీద కోపం రాలేదు. ఆయన వైపు చూశాను.

"ఏదో టైమ్‌పాస్‌కి కొట్టుకుంటుందిలే, వదిలెయ్ అన్నాను. అంత ముఖ్యమని నాకేం తెలుసు?" అన్నారు.

పాత డిస్కు ఉందిగా అన్నాను. సాఫ్ట్‌వేర్ సీడీ నా బీరువాలో ఉంది, ఎవరి పాత కంప్యూటర్‌లోనైనా ఎక్కించుకోవచ్చు. ఆయన ముఖంలో మొదటిసారి కొంచెం ఇబ్బంది కనిపించింది. ముగ్గురం గరాజ్‌లోకి వెళ్లాం. బల్ల మీద డ్రిల్లింగ్ మిషను, పక్కనే డిస్కు, దానికి ఐదు బెజ్జాలు. పాత డిస్కులు అలాగే పారేస్తే మన వివరాలు దొంగల పాలవుతాయని ఎవరింట్లోనో బార్బెక్యూ విందులో ఆయన స్నేహితుడు శివప్రసాద్ గారు చెప్పారట. ఈయన జీవితమంతా రోడ్లు వేసిన ఇంజనీరు. చేసిన పని గట్టిగా చేస్తారు.

ఆదర్శ్ ఆ డిస్కును అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఫాంట్ సంగతి వాడికప్పుడు అర్థమైంది. "ఐ షుడ్ హావ్ వెయిటెడ్ ఫర్ యూ" అన్నాడు. వాడి కళ్లు తడయ్యాయి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోతోంది.

వాడు వెళ్లిపోయాక ఆయన తనతోపాటు నాకూ టీ పెట్టి ఇచ్చారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇవ్వని టీ. కొత్త సిస్టమ్‌లో మైకు ముందు తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుందట, మళ్లీ చెప్పుకోవచ్చు, బుర్రలో ఎటూ ఉంటుందిగా అని ఓదార్చారు. తర్వాత తొమ్మిదేళ్లలో ఒక్కసారీ అడగని మాట అడిగారు.

"అంతకీ ఏం రాశావు అందులో?"

"ఒక డాక్టరమ్మ కథ."

"ఎవరు?" అన్నారు టీ ఊదుకుంటూ. "మనకు తెలిసినావిడేనా?"

కప్పు బల్ల మీద పెట్టాను.

"మీకు తెలియదులెండి" అన్నాను.