కాస్త చెయ్యి వెయ్యమ్మా

బుడబుడ… బుడబుడ…

ఇత్తడి బిందె మూతి వంచి ముంచితే వచ్చే చప్పుడు. గాలి బయటికి, నీళ్ళు లోపలికి. చివర్న ఒక్క గుక్క — బుడుంగ్. ఆ తర్వాత ఏమీ వినిపించదు.

బాలసరస్వతి అరవై ఏళ్ళుగా వింటున్న చప్పుడు అది.

మార్గశిరం. తెల్లవారుజామున బందరు కాలువ మీద మంచు. మంచులో గుర్రపుడెక్క తేలి వస్తూ ఉంటుంది, ఊదారంగు పూలతో. ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరూ అడగరు.

అడగకూడదు. మాణిక్యమ్మగారు నేర్పిన మొదటి పాఠం అదే.

మాణిక్యమ్మగారంటే బెజవాడలో పెద్దవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. వితంతువులకి బడి పెట్టిన మనిషి. వాళ్ళకి దగ్గరుండి మళ్ళీ పెళ్ళిళ్ళు చేసిన మనిషి. కోర్టులో ఆడవాళ్ళ పక్కన నిలబడి, బయటికొచ్చి రాళ్ళ దెబ్బలు తిన్న మనిషి. పోయి ఇరవై ఏళ్ళయింది. కాలువగట్టున ఆమె పెట్టిన ఇల్లు ఇంకా ఉంది. అందులో కుట్టుమిషన్లు ఉన్నాయి, తుప్పుపట్టి. బాలసరస్వతి ఉంది, మోకాళ్ళరిగి.

బడి సంగతి, పెళ్ళిళ్ళ సంగతి పుస్తకాల్లో ఉన్నాయి.

బిందె సంగతి లేదు.

చీకటి విచ్చే వేళకి మాణిక్యమ్మగారు బిందెతో రేవు మెట్లు దిగేవారు. నిండా ముంచేవారు. కూర్చునేవారు. నెలకో, రెణ్ణెల్లకో ఒకామె వచ్చేది. చేతిలో బిందె ఉండేది కాదు, ఉతికే బట్టలుండేవి కాదు. ఆ వేళప్పుడు వట్టి చేతుల్తో రేవుకి వచ్చే ఆడది ఎందుకొస్తుందో మాణిక్యమ్మగారికి తెలుసు. మొహంలోకి చూసేవారు కాదు. ఎవరి తాలూకని అడిగేవారు కాదు. ఏమైందని అసలే అడిగేవారు కాదు.

"కాస్త చెయ్యి వెయ్యమ్మా. ఎత్తలేకపోతున్నాను."

అంతే.

వచ్చినామె చెయ్యి వేసేది. వెయ్యకుండా ఎలా ఉంటుంది? నిండు బిందె దగ్గర పగవాళ్ళకైనా చెయ్యి వేస్తారు ఆడవాళ్ళు. ఎత్తాక, "ఇల్లు పక్కనే తల్లీ, అక్కడిదాకా పట్టుకో" అనేవారు. ఇంట్లో కాఫీ కాగుతూ ఉండేది.

నిజానికి మాణిక్యమ్మగారు చెరో చంకనా ఒక్కో నిండు బిందె పెట్టుకుని మెట్లెక్కగల మనిషి. అదంతా నటన.

"చావబోయేది కూడా బిందె ఎత్తమంటే ఎత్తుతుందే సరస్వతీ," అన్నారోసారి. "మన చేతులకి అంత అలవాటు చేశారు." నవ్వారు. ఆ నవ్వులో చేదు ఉంది.

అలా ఎత్తినవాళ్ళలో ఒకామె చంకలో నాలుగేళ్ళ పిల్ల ఉంది. పిల్లని దింపితే గాని బిందె ఎత్తడం కుదరదు కదా… దింపింది. దింపిన పిల్లని మాణిక్యమ్మగారు ఎత్తుకున్నారు. తల్లి చంకన బిందె, ఆమె చంకన పిల్ల. ముగ్గురూ మెట్లెక్కి ఇంటికి పోయారు.

ఆ పిల్లే బాలసరస్వతి.

ఇంట్లో తోడుండే అమలమ్మ కూడా అలా వచ్చిందే, ముప్పై ఏళ్ళ కిందట. "ఆ పొద్దు నేను గనక లేకపోతేనా, పెద్దమ్మగారు ఆ బిందె ఎత్తలేక అక్కడే చతికిలబడిపోయేవారండీ" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతుంది. తను ఆ పొద్దు రేవుకి ఎందుకొచ్చిందో చెప్పదు. మర్చిపోయిందేమో కూడా. మర్చిపోతే మంచిదే.

పోయేముందు మాణిక్యమ్మగారు బిందె బాలసరస్వతికిచ్చారు. "ఎవరికీ చెప్పకు. తెలిసిపోతే ఇక పనిచెయ్యదు" అన్నారు.

చెప్పలేదు. ఇరవై ఏళ్ళు పొద్దున్నే రేవులో కూర్చుంది. కాలువ నీళ్ళు తాగడం ఊరంతా మానేశాక కూడా కూర్చుంది. "ఆ మురుగు ఎందుకండీ" అని వాకింగుకొచ్చేవాళ్ళు నవ్వితే, "మొక్కలకి" అంది. ఇంటిముందు కనకాంబరాలు ఆ మురుగు తాగే పూశాయి.

ఈ మార్గశిరంలో మాణిక్యమ్మగారికి నూరేళ్ళు.

శతజయంతి కమిటీ తరఫున సిద్ధార్థ అనే కుర్రాయన వచ్చాడు. మంచివాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"ఆవిడ వాడిన వస్తువులు ఎగ్జిబిషన్‌లో పెడుతున్నామండి. ఆ బిందె ఇప్పించండి. మూడ్రోజులేనండి, జాగ్రత్తగా తెచ్చిచ్చేస్తాం."

ఏమని కాదంటుంది? కాదంటే ఎందుకని అడుగుతాడు. చెబితే మర్నాడు పేపర్లో వస్తుంది. వస్తే ఇక ఏ అమ్మాయీ ఆ మాటకి చెయ్యి వెయ్యదు.

ఇచ్చింది.

బిందె లేకుండా రేవులో ఏం పని? మూడ్రోజులేగా, అనుకుంది. మోకాళ్ళు కూడా అదే అన్నాయి. మూడు పొద్దులు దుప్పటి ముసుగులో వెచ్చగా పడుకుంది.

మూడో పొద్దున మైలవరం నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి ఒకతి రేవుకి వచ్చింది. అక్షయ. పందొమ్మిదేళ్ళు.

మెట్ల మీద చెప్పులు మిగిలాయి, జతగా, పక్కపక్కనే.

మర్నాడు పేపర్లో సభ ఫొటో పడింది. దీపం, దండ, దండ కింద చింతపండుతో తోమిన బిందె. అదే పేజీలో అడుగున, మూలకి, నాలుగు వాక్యాలు. అమలమ్మ పైన ఫొటో చూసి మురిసిపోయింది. బాలసరస్వతి అడుగున నాలుగు వాక్యాలు చదివింది. మళ్ళీ చదివింది.

నేనే, అనుకుంది. ఇంకెవరూ కాదు, నేనే.

ఏడ్చింది. పేపరు తడిసేదాకా ఏడ్చింది. ఎందుకే అని అమలమ్మ అడిగితే పెద్దమ్మగారు గుర్తొచ్చారంది. అబద్ధం కూడా కాదు.

ఆ పూటే ఆటో ఎక్కి ఎగ్జిబిషన్ హాలుకి పోయింది. బిందె గాజుపెట్టెలో ఉంది. "మాణిక్యమ్మ గారి బిందె" అని కింద చీటీ. బిందె మెడ మీద చెక్కిన పేరు మాత్రం వేరే — పిచ్చమ్మ. ఆ పేరు కనబడకుండా బిందెని గోడవైపుకి తిప్పి పెట్టారు.

పిచ్చమ్మ ఎవరో బాలసరస్వతికి తెలుసు. ఇరవై రెండేళ్ళప్పుడు మొగుడు పోయి, గుండు గీయించుకుని, మాణిక్యమ్మగారు వట్టి చేతుల్తో అదే రేవుకి వెళ్ళిన పొద్దున — మెట్ల మీద ఒక ముసలామె నిండు బిందెతో తంటాలు పడుతోంది. "కాస్త చెయ్యి వెయ్యి తల్లీ" అంది. ఆ పిచ్చమ్మకి ఏ ఉపాయమూ తెలియదు. ఏ ఉద్ధరణా తెలియదు. నిజంగానే ఎత్తలేకపోయింది.

అంతే. అక్కణ్ణుంచే ఇదంతా.

"బిందె ఇచ్చెయ్యి బాబూ."

"ఇక్కడే పర్మనెంట్‌గా ఉంచాలని కమిటీ అనుకుందండి." సిద్ధార్థ నొచ్చుకున్నాడు. "ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ ఆ మురుగులో ముంచుతారా అండీ? ఆవిడ జ్ఞాపకం అది."

నోటిదాకా వచ్చింది. చెప్పేద్దామనుకుంది — అక్షయ పేరు కూడా చెప్పేద్దామనుకుంది. పక్కన విలేఖరులున్నారు, కెమెరాలున్నాయి. గొంతులోనే మింగింది. గాజు మీద చెయ్యి ఆనించింది. గాజు చల్లగా ఉంది.

మర్నాడు సిద్ధార్థ కొత్త స్టీలు బిందె పంపించాడు. దాని మెడ మీద శతజయంతి అని చెక్కించాడు కూడా. తప్పు పట్టడానికి లేదు.

తెల్లవారుజాము. మంచు. గుర్రపుడెక్క.

బాలసరస్వతి మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ దిగింది. ముంచింది. స్టీలు బిందె చప్పుడు వేరు, పలచన. చంకకి ఎత్తుకోబోయింది. లేవలేదు. ఇత్తడి బిందెతో ఇన్నేళ్ళూ నటించింది. నటించీ నటించీ ఎప్పుడు నిజమైపోయిందో తెలియలేదు. ఇంకోసారి పట్టింది. మోకాలు కలుక్కుమంది. కూర్చుండిపోయింది.

ఆ పొద్దు ఎవరూ రాలేదు. నీళ్ళు మెట్ల మీదే పారబోసి ఖాళీ బిందెతో వచ్చింది.

మర్నాడూ రాలేదు.

మూడో పొద్దున, వెనక… పై మెట్టు మీద… అడుగులు.

ఆగాయి.

చెప్పులు విడిచిన చప్పుడు. ఒకటి. రెండోది.

బాలసరస్వతి తిరగలేదు. మొహం చూడకూడదు. ఎవరో అడగకూడదు. బిందె మెడ రెండు చేతుల్తో పట్టుకుంది. నీళ్ళలో వలయాలు లేస్తున్నాయి.

"కాస్త చెయ్యి వెయ్యమ్మా… నిజంగానే… ఎత్తలేకపోతున్నాను."



ఈ కాలం పిల్లలకి బిందె ఎత్తడం తెలుసా? ఎవరైనా ఎప్పుడైనా అడిగారా వాళ్ళని, చెయ్యి వెయ్యమని?

చేతుల్లోంచి బిందె ఒరిగింది. సగం నీళ్ళు కాలువలో కలిశాయి. మళ్ళీ మూతి వంచి ముంచింది, ఇంకేం చెయ్యాలో తెలియక.

వెనక తడి మెట్టు మీద వట్టి పాదం ఆనిన చప్పుడు. తనవైపుకో, నీళ్ళవైపుకో.

బుడబుడ…

బుడబుడ…