గోరింక నోట డేగ కేక

గొడుగులు బాగుచేసే అతనికి భార్య పోయి ఏడాది తిరగలేదు. పక్కింట్లో ఉండే అన్న తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని దిగాడు.

ఇంటికి ఉన్నవే రెండు గదులు. వీధి గదిలో అతను కడ్డీలు బిగించేవాడు, లోపలి గదిలో ఆమె గొడుగు గుడ్డ కుట్టేది. రెంటికీ మధ్య గుమ్మం పూడ్చేసి, లోపలి గదిని తన ఇంట్లో కలిపేసుకోవాలని అన్న ఎత్తుగడ.

“ఒంటిగాడివి, నీకెందుకురా రెండు గదులు? ఆ కుట్టుమిషను మా కోడలు తీసుకుంటుందిలే.”

అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

అతను పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ఆ పని ఆమెది. ఆమె గుమ్మంలో నిలబడి గొంతు లేపితే అన్న వచ్చిన దారినే పోయేవాడు. ఆ గొంతు ఇక లేదన్న ధీమాతోనే ఇవాళ గడప తొక్కాడు.

లోపలి గది కిటికీ పైన, ఇటుక ఊడిన చోట గోరింక గూడు ఉంది. “ముందు ఈ కంత పూడుస్తా” అంటూ మేస్త్రీ బల్ల ఎక్కి తాపీ ఎత్తాడు.

డేగ కేక! చూరు మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. మేస్త్రీ బల్ల మీంచి దూకేశాడు.

“డేగా లేదు, గీగా లేదు. అరిచింది గోరింకే” అన్నాడు అతను.

“దీని దుంపతెగ! ఇంకోదాని గొంతుతో అరవడానికి దీనికేం రోగం?” అన్నాడు మేస్త్రీ.

“దొంగబుద్ధి. పక్క పిట్టల్ని బెదరగొట్టి తిండి కొట్టేయడానికి” అన్నాడు అన్న.

“తిండికి కాదు. గూట్లో పిల్లలున్నాయి. దాని సొంత గొంతుకి జడిసేదెవడు?”

ఆ మాట అని అతను గూటికేసి చూస్తూ ఉండిపోయాడు.

అన్న చెప్పులతోనే వెళ్ళి మిషను మీద చెయ్యి వేశాడు.

అతను లేచి, గుమ్మంలో ఆమె నిలబడే చోటనే నిలబడ్డాడు. నడుం మీద చెయ్యి పెట్టాడు.

“బావగారూ! చెప్పులు బయట విడిచి రండి. మీ పెద్దరికం కూడా అక్కడే విడిచి రండి!”

మాటలు ఆమెవి. సాగదీత ఆమెది. చివరి విరుపూ ఆమెదే.

అన్న చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు. “మతి పోయిందా నీకు?”

“బావగారూ!”

అన్న ఇంకో మాట అనకుండా బయటపడ్డాడు. మేస్త్రీ నవ్వాపుకుంటూ, “మరి కంత?” అన్నాడు.

“ఉండనీ.”

అన్న రేపు మళ్ళీ వస్తాడు. రానీ. ఆమె తిట్లు ఇంకా బోలెడున్నాయి. అతనికి అన్నీ కంఠతా వచ్చు.