పసుపు చీటీల టేపులు

నేను గిన్నెలు తోముతున్నాను. బావ వంటగది గుమ్మం పట్టుకుని మళ్లీ అడిగాడు.

"పసుపు చీటీలున్న టేపులు ఎన్నన్నావ్?"

"పదకొండు బావా. మిషను శుభ్రం చేసేవి కదా అవి."

"అవి మనం కొన్నది రెండే."

బావ ఆసుపత్రిలో పాత స్కానింగులు దాచిన టేపులు చూసుకుంటాడు. వాటికి చీటీలు రాసే పని నాది. ఈ నెలలో టేపులూ మిషనూ ఇచ్చే పాత కంపెనీని మాన్పించి కొత్తవాళ్లను పెట్టారు. వాళ్లు పాత మిషనుతో చదివించి అన్నీ తమ టేపుల్లోకి ఎక్కించారు. వాళ్ల మిషనుకు మా పాత టేపులను చదవడం రాదు. చదివే మిషనును పాత కంపెనీవాళ్లు ఈ ఉదయం పదింటికి తీసుకుపోతారు. అన్నీ ఎక్కాయని బావ నిన్ననే సంతకం పెట్టాడు.

నా చెయ్యి ఆగిపోయింది. ఒకసారి స్కానింగు టేపులకు అంటించే తెల్ల చీటీలు అయిపోతే, వచ్చేదాకా ఉంటాయిలే అని తొమ్మిదింటికి పసుపువి అంటించాను. మార్చడం మరిచాను. పసుపు చూసి కొత్తవాళ్లు శుభ్రం చేసేవనుకుని పక్కన పెట్టేసి ఉంటారు.

చెప్పాను. బావ గడియారం వైపు చూశాడు.

"పెళ్లికి ఒప్పుకోడానికి ఆర్నెల్లు నాన్చారు," అంది అక్క, క్యారేజీ సర్దుతూ. "ఆ కాగితం మీద మాత్రం టీ చల్లారేలోపే సంతకం గీకేశారు!"

"ఇప్పుడా అవి?"

"మరెప్పుడు? ఊరుకోండి. ఆ పాతవి ఎవరడుగుతారు? నోరు తెరిచారంటే మీ ఉద్యోగం, దీని ఉద్యోగం రెండూ పోతాయి."

బావ పాత కంపెనీకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఎనిమిదీ యాభై. బస్సులో ముప్పావుగంట పడుతుంది.

"అంటించింది నేను. నేనొచ్చి చెప్తా బావా."

"సరిచూడాల్సింది నేనమ్మా." గుమ్మం చెక్కను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. "మొన్న ఒకావిడ వచ్చింది. కొడుక్కి మళ్లీ గుండె ఆపరేషనట. చిన్నప్పటి స్కానింగు కావాలంది. సోమవారం రమ్మన్నాను."

"అది ఆ తొమ్మిదిలోనే ఉందా?" అంది అక్క. గొంతు తగ్గింది.

"ఆ ఏడాదివన్నీ అందులోనే."

అక్క క్యారేజీ మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

బావ బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీశాడు. 'నేను సరిచూడకుండా సంతకం పెట్టాను. మిషను ఇవ్వకండి' అని రాశాడు. కింద పేరు రాస్తుంటే కలం రెండుసార్లు ఆగింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా ఇద్దరి వైపూ చూడలేదు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.