కొండ మీద ఇంకొక రోజు

"కుక్కరు కూడా సర్దీ దేవీ. అక్కడి హోటలన్నం అమ్మకి పడదు," అన్నాడు సుందర్ రాజ్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

దేవకుమారి అప్పటికే అత్తగారి మాత్రలూ, మోకాళ్ళ తైలమూ, ఆయన మఫ్లరూ, ఫ్లాస్కూ సంచిలో పెట్టేసింది. కుక్కరుకి చోటు చాలలేదు. తన రెండో శాలువా తీసి మంచం మీద పడేసి, కుక్కరు కుక్కింది. అయినా ఆమెకి కోపం రాలేదు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. దువ్వాడ దాటి ఆయన వెంట వెళ్ళినవన్నీ చుట్టాల పెళ్ళిళ్ళూ, చావులూ, సువార్త సభలూ. ఊరికే, ఏ పనీ లేకుండా, ఒక చోటికి వెళ్ళి ఉండి రావడమన్నది ఇదే మొదటిసారి. అనంతగిరి కొండల్లో, అడవి మధ్య, సర్కారు లాడ్జిలో రెండు రోజులు. "నువ్వెప్పుడూ అడుగుతుంటావు కదే, ఎల్దాం పద," అని ఆయన తనంతట తానే అన్నాడు. ఆ మాటకి తను ఎంత సంబరపడిందో తర్వాత తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

పెందుర్తి దగ్గర హైస్కూల్లో దేవకుమారి లెక్కల టీచరు. నెల కిందట హెడ్మాస్టర్ల ప్రమోషన్ల కబురు వచ్చింది. ఖాళీలన్నీ కొండ మీద బళ్ళలోనే. ప్రమోషన్ కావాలంటే వారమంతా అక్కడే ఉండాలి. ఇంతకు ముందు రెండుసార్లు ఆమె వంతు వచ్చింది, రెండుసార్లూ వద్దని రాసిచ్చింది. మొదటిసారి కొడుకు యోహాన్ పదో తరగతి. "పిల్లోడి బతుకు కన్నా నీకా కుర్చీ ఎక్కువా?" రెండోసారి అత్తగారు చిట్టమ్మకి మోకాలి ఆపరేషన్. "ముసల్దాన్ని ఇలాగ ఒగ్గీసి ఎల్డానికి నీకు మనసెలగొప్పుద్దే?" వెళ్ళొద్దని ఆయన గానీ అత్తగారు గానీ అనలేదు. ప్రశ్న అడిగేవారు, అంతే. జవాబు ఆమె చేతే చెప్పించేవారు. ఆమె వదులుకున్న దాన్ని వదులుకోకుండా ముందుకెళ్ళిన మోహనకృష్ణ, ఆమె తర్వాత ఉద్యోగంలో చేరినవాడు, బోర్డు మీద త్రిభుజం ఎలా గీయాలో ఆమెనడిగి నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఆమె బడికే హెడ్మాస్టర్. ప్రతి జూన్‌లో టైంటేబుల్ ఆమె తన ఇంట్లో, ఆదివారాలు కూర్చుని వేస్తుంది. ఆయన సంతకం పెడతాడు. పైఅధికారులు తనిఖీకి వస్తే, "మేడం, మీ చేతి టీ అయితే సార్లకి నచ్చుద్ది," అంటాడు. పైథాగరస్ సిద్ధాంతాన్ని సగంలో ఆపి ఆమె వెళ్ళి టీ పెడుతుంది.

ఈసారి మాత్రం, "తీసుకుందామనుకుంటున్నానండీ," అంది భర్తతో. ఆయన కేకలెయ్యలేదు. ఎప్పుడూ వెయ్యడు. స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్, మెత్తటి మనిషి, తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. చర్చిలో ఆడవాళ్ళందరూ ఆమెని అదృష్టవంతురాలంటారు. ఆయన "ఊఁ" అన్నాడు. మూడు రోజుల తర్వాత కొండ మీదికి వెళ్దామన్నాడు.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే చిట్టమ్మకి వాంతులు. దేవకుమారి ఒక చేత్తో ఆవిడ నుదురు పట్టుకుని, ఇంకో చేత్తో కవరు పట్టుకుంది. కొండ మలుపులూ, మిరియాల తీగలు పాకిన కాఫీ తోటలూ ఆమెకి కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా కనపడ్డాయి. లాడ్జి ఇంకాస్త దూరం ఉందనగా సుందర్ రాజ్ కారు నెమ్మది చేశాడు.

"అదిగో సూడు. అదే నీకిచ్చే బడి అయితే అవ్వొచ్చు."

రెండో శనివారం సెలవు, గేటుకి తాళం వేసి ఉంది. ఒక వైపు గోడ కూలిపోయి ఉంది. మంచు అప్పుడే కిందికి దిగుతోంది.

"నాలుక్కే సీకటడిపోయినట్టుంది. సలి సూడు ఎలగుందో. ఒక్కదానివీ ఇక్కడెలగుంటావే? జరమొస్తే నీళ్ళిచ్చేవోడుండడు."

ఆ గొంతులో ప్రేమ ఉంది, అబద్ధం కాదు. అదే ఆమెకి కష్టంగా ఉండేది. దెబ్బలాడ్డానికి ఎక్కడా పట్టు దొరకదు. ఆమెకి నిజంగానే భయం వేసింది. కారు ఆగలేదు.

లాడ్జిలో వంటమనిషి గురువులు సంచి అందుకుంటూ, "మీరు కూకోండమ్మా, అన్నీ నాను వండి ఎడతాను," అన్నాడు. "ఫర్వానేదులే, ఆవిడకలవాటే," అన్నాడు సుందర్ రాజ్. గదిలో రెండు మంచాలు. దేవకుమారి పరుపు అడిగి తెప్పించుకుని కింద వేసుకుంది. ఆ సాయంత్రం లాడ్జి వంటింట్లో గురువులు పక్కన నిలబడి అత్తగారికి మెత్తటి అన్నం, ఆయనకి చారు చేసింది. భోజనాలయ్యాక చిట్టమ్మ ప్రార్థన చేసింది. కొడుకునీ, మనవడినీ, ప్లాంటునీ దీవించమంది. కోడలి పేరు మర్చిపోయి, ఆమెన్ అనబోయి, గుర్తొచ్చి కలిపింది.

ఆదివారం తెల్లవారకముందే దేవకుమారికి మెలకువ వచ్చింది. అలవాటు. లేచి వెళ్తే వంటింటికి తాళం ఉంది. పాల ప్యాకెట్టు లేదు, నీళ్ళ మోటారు లేదు, క్యారేజీ లేదు. చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలియక ఊరికే ఉన్నాయి. ఉన్న ఒక్క శాలువా కప్పుకుని లాడ్జి వెనక కాలిబాట పట్టుకుని పైకి నడిచింది. వెలుతురు వచ్చేసరికి చెట్లు పలచబడ్డాయి. ఒక రాతి బండ కనిపిస్తే దాని మీద కూర్చుంది.

ఎంతసేపు కూర్చుందో ఆమెకి తెలియదు. మొదట్లో ఒళ్ళు ఊరుకోలేదు. ఎవరో పిలిచినట్టే ఉండి రెండుసార్లు లేవబోయింది. ఎవరూ పిలవలేదు. ఇలా ఏ కారణమూ లేకుండా కూర్చుని ఎన్నాళ్ళయింది? యోహాన్ పుట్టినప్పుడు ఆసుపత్రి మంచం మీద నొప్పులు పడుతుంటే ఆయన తలుపు దగ్గరికి వచ్చి బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. "నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నడవదే," అని ఆయన పదిమందిలో గొప్పగా చెబుతాడు. దాన్ని పొగడ్త అనుకుని ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకు తిరిగింది. నువ్వు లేకుండా నడవదు అంటే నువ్వు కదలడానికి వీల్లేదని కదా. కొడుకు సంవత్సరంగా మధురవాడలో హాస్టల్లో ఉంటూ తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. అత్తగారు కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తోంది. మరి ఇంకా ఎవరి కోసం? కింద ఎక్కడో రైలు సొరంగంలోంచి బయటపడి కూత పెట్టింది. మంచు మెల్లగా విడిపోయి, ఎదురుగా కొండ వాలంతా వలిసె పూలతో పసుపుపచ్చగా బయటపడింది. అప్పుడామెకి ఒక సంగతి తట్టింది. చలి నిన్నటి కన్నా ఎక్కువగా ఉంది. తను ఒంటరిగా ఉంది. కానీ నిన్న కారులో ఆయన చెబుతున్నప్పుడు వేసిన భయం, ఆయన పక్కన లేని ఈ చోట వెయ్యడం లేదు.

శాలువాలో ఫోను వరసగా మోగింది. కింద అంతగా లేని సిగ్నలు ఇక్కడ అందినట్టుంది. స్కూలు గ్రూపు నిండా దండాలూ, పూలగుత్తులూ. పైకి జరిపి చూస్తే మోహనకృష్ణ పెట్టిన మాట: "దేవకుమారి మేడం ప్రమోషన్ వద్దనుకుని మనతోనే ఉండాలని నిర్ణయించుకున్నారు. ఆమె త్యాగానికి మనందరి అభినందనలు."

ఆమె దాన్ని రెండోసారి చదివింది. తర్వాత మోహనకృష్ణకి ఫోన్ చేసింది.

"శుభోదయం మేడం! చూశారా, అందరూ ఎంత సంతోషపడ్డారో."

"నేను వద్దనుకున్నానని మీకెవరు చెప్పారు సార్?"

"ఇంకెవరు, మీ వారే. మొన్న పొద్దున్న వాకింగులో కలిశారు. కొండ మీదికి తీసుకెళ్ళి చలీ గిలీ చూపించి తెస్తాను, ఆవిడే వద్దంటాది, మీరేం దిగులు పడకండి అన్నారు." అతను హాయిగా నవ్వాడు. "నిజం చెప్పాలంటే బతికిపోయాను మేడం. మీరు లేకపోతే నా స్కూలేమైపోవాలి? టైంటేబుల్ ఎవరు వేస్తారు?"

 తను నెల రోజులుగా లోలోపల కూడికలూ తీసివేతలూ చేసుకుంటున్న లెక్కకి, తనకి చెప్పకుండానే జవాబు రాసి, దిద్ది, మార్కులు కూడా వేసేశారు. ఈ కొండా, ఈ లాడ్జీ, "ఎల్దాం పద" అన్న ఆ ముద్దు మాటా, అన్నీ అందుకే.

"మీ స్కూలు కదా సార్, మీరే వేసుకోండి," అంది. అవతల నవ్వు ఆగింది. క్లాసులో మాట్లాడే భాష అప్పుడు ఆమె నోట్లోంచి జారిపోయి, పుట్టిన ఊరి మాట వచ్చింది. "నాను ఎల్తన్నాను. గ్రూపులో నానే రాసేత్తాను. రేపు నాకు సెలవు."

గ్రూపులో ఒక్క వాక్యం రాసి కిందికి దిగింది.

లాడ్జి ముందు మఫ్లరు చుట్టుకుని సుందర్ రాజ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఎక్కడికి పోయావే? సెప్పా పెట్టకుండా! అమ్మకి షుగరని తెలీదేటి? టిఫిన్ టైం దాటిపోయింది. కళ్ళు తిరిగి పడిపోతే ఎవులు సమాధానం?"

దేవకుమారి గురువులు వైపు చూసింది. "టిఫిన్ పెట్టలేదా?"

"ఎప్పుడో ఎట్టీసినామమ్మా. సార్‌ని పిలిసినాను. మేడం రానీ అన్నారు."

గది నుంచి భోజనాల హాలుకి మధ్య ఉన్నది ఒక్క వాకిలి. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. బల్ల మీద ఇడ్లీ గిన్నె మూత పెట్టి ఉంది. ఆకలితో ఉన్న మనిషి, ఎదురుగా తిండి పెట్టుకుని, వడ్డించే చెయ్యి కోసం కాచుకుని ఉన్నాడు. ఆమెకి ముందు కోపం వచ్చింది, తర్వాత జాలేసింది. వడ్డించి వడ్డించి తనే ఈయన్ని ఇలా చేసిందా అనుకుంది. అలా అనుకోగానే తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇది కూడా తన ఖాతాలోనే వేసుకోవాలా!

"అత్తయ్య ఏరీ?"

"ఇక్కడున్నాను," హాల్లోంచి చిట్టమ్మ గొంతు వినపడింది. కర్ర కుర్చీకి ఆనించి, టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. "నానెప్పుడో తిన్నానురా. నాలుగిడ్లీ. నీకేటి, కాళ్ళు నేవా?"

సుందర్ రాజ్ వచ్చి కూర్చున్నాడు. దేవకుమారి కూడా కూర్చుంది. గురువులు ఇద్దరికీ వడ్డించాడు. ఇడ్లీ, అల్లం పచ్చడి. సగం తిన్నాక ఆమె చెప్పింది. "మోహనకృష్ణ గారితో మాట్లాడాను. వద్దనడం లేదని చెప్పేశాను. గ్రూపులో కూడా రాశాను."

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగింది. "ఆడు... అంటే... నీ మంచికే కదే అలగన్నాను. నాను నిన్నే రోజైనా వద్దన్నానా?"

"అనలేదు. నేనుండగానే నా జవాబు మీరు చెప్పేశారు."

"సరే, తప్పే అనుకో." ఆయన మొహం ఎర్రబడింది. "అంత పెద్ద మాట, పరాయోడితో అనే ముందు నన్నొక్క మాట అడగొద్దేటి?"

అనేశాక ఆ మాట ఆయనకే వినపడింది.  ఆమె ఊరికే ఆయన కేసి చూసింది. ఆయన కళ్ళు దించుకుని, కొంచెం పచ్చడి వేసుకున్నాడు, తన చేత్తోనే.

చిట్టమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆడకూతురు ఒక్కతీ కొండల్లో ఉంటే జనం ఏటంటారే?" అని గొణిగింది. టీ ఒక గుక్క తాగి, "సెలవులకొస్తావా?" అంది.

"వస్తాను అత్తయ్యా."

మధ్యాహ్నం బయలుదేరాలి. "మీరిద్దరూ వెళ్ళండి. నేను రేపటి దాకా ఉంటాను," అంది దేవకుమారి. "తాళం వేసిన బడిని చూపించారు. పిల్లలున్న బడిని చూడాలి నేను. రేపు సాయంత్రం బస్సుకి వస్తాను." ఆయన వాదించలేదు. వాదించడానికి ఆయనకి ప్రశ్నలు తప్ప వేరే అలవాటు లేదు, ఈ పూట ప్రశ్నలు నోట్లోంచి రాలేదు. సామానంతా ఆయనే మోశాడు. మాత్రలెక్కడని అడిగితే, ఏవి ఎప్పుడో ఆమె ఒకసారి చెప్పింది. ఆయన ఫోనులో రాసుకున్నాడు.

కారు కదలబోతుండగా వెనక కిటికీ అద్దం కిందికి దిగింది. చిట్టమ్మ తల బయటికి పెట్టి, చుట్టూ ఎవరో వింటారన్నట్టు, మెల్లిగా అడిగింది.

"దేవీ, మంచాలు రెండున్నాయి కదే. నాను కూడా ఉండిపోనా?"

 డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. పొద్దున్న ఆ టీ గ్లాసు పట్టుకుని, ఎవరికీ ఏమీ చెయ్యక్కర్లేకుండా, ఎంత తీరిగ్గా కూర్చుందో! ఆవిడని మాత్రం ఎవరు తీసుకొచ్చి ఒక చోట కూర్చోబెట్టారు ఇన్నాళ్ళూ? దేవకుమారి చెయ్యి తనంతట తనే కారు తలుపు మీదికి వెళ్ళింది. తలుపు తీస్తే వేణ్ణీళ్ళు, తైలం, మెత్తటి అన్నం, బాత్రూంకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం, అన్నీ దిగుతాయి ఆవిడతో పాటు. అవేవీ ఆవిడ తప్పు కాదు.

"వద్దత్తయ్యా," అంది. "మిమ్మల్ని ఇంకోసారి తీసుకొస్తాను. ఈసారి నేనొక్కదాన్నే ఉంటాను."

చిట్టమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. "ఊఁ," అని అద్దం పైకెత్తేసుకుంది.

కారు మలుపు తిరిగి చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. భర్తకి చెప్పిన మాటల కన్నా అత్తగారికి చెప్పిన ఆ ఒక్క "వద్దు" ఆమెకి బరువైంది. దేవకుమారి లాడ్జి మెట్టు మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూ అక్కడే కూర్చుంది కానీ, లేచి కారుని ఆపమని కేక మాత్రం వెయ్యలేదు.