కారులో మర్చిపోయిన పాప

మా ఆయన జీవన్ అబద్ధం చెప్పేటప్పుడు మెడ వెనక గోక్కునేవాడు. కల్లు తాగి వచ్చి తాగలేదంటూ గోక్కుంటుంటే, "అబద్ధమాడినా అతికినట్టుండాలె, నీతోని కాదు పో," అని ఆటపట్టించేదాన్ని. శంషాబాద్‌లో క్యాబ్ నడిపిన అన్నేళ్లూ, ప్రయాణికులు సీట్లో మర్చిపోయిన ఫోన్లు, బ్యాగులు, ఒకసారైతే పెళ్లి నగల పెట్టె, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చివచ్చిన మనిషి.

నేను ఆరో నెల కడుపుతో ఉండగా ఆయన మెదడుకు జ్వరం సోకింది. ప్రాణం దక్కింది గానీ, అంతకు ముందరి కొన్నేళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. కొత్తది ఏదీ మనసులో నిలవడం లేదు. నేను గుర్తున్నాను, నా కడుపు గుర్తులేదు. పాప పుట్టిందని చెబితే, కాసేపటికి మళ్లీ మొదటికొస్తుంది.

తెలియదని మాత్రం ఎప్పుడూ అనడు. గడప దాటని మనిషిని పొద్దున ఏం చేశావని అడిగితే, "దుబాయ్ ఫ్లైట్ కిరాయి దొరికింది. ముసలామె, ముక్కుకు ఒక పక్కనే పుడక. కాటేదాన్‌ల దించిన. తొవ్వ పొడుగూతా కోడలు పెట్టిన చింతకాయ తొక్కు ముచ్చటనే చెప్పింది," అంటాడు. మెడ గోక్కోడు.

"ఆయన అబద్ధం చెప్పట్లేదమ్మా," అంది దవాఖానాలో డాక్టరమ్మ. "జ్ఞాపకం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. మెదడు దాన్ని కథతో నింపుకుంటోంది. ఆయనకు అదే నిజం."

లేని ముసలమ్మకు ముక్కుపుడక ఎక్కడి నుంచి తెచ్చాడు? ఆమె కోడలి తొక్కు ఈయనకు ఎవరు రుచి చూపించారు?

అన్ని కథలూ వినేదాన్ని, పాప కథ ఒక్కటే వినలేకపోయేదాన్ని. పాపను చూడగానే, "ఎవలో పాపం, ఎనక సీట్ల మర్చిపోయిన్రు. పరేషాన్ అయితుంటరు. ఇచ్చి రావాలె," అనేవాడు. నాకు కోపం ఆగేది కాదు. "నీ బిడ్డనే, నేనే కన్న," అని అరిచేదాన్ని. బెదిరిపోయి తల దించుకునేవాడు. కాసేపటికి మళ్లీ అదే మాట. వింత ఏమిటంటే, పాప ఆయన భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు.

పాపకు అడుగులు వస్తున్నాయి. రేపో మాపో మాటలూ తెలుస్తాయి. తండ్రి నోటి నుంచే తాను ఎవరో మర్చిపోయిన సామాను అని వింటుందే అని నా భయం.

ఒక మధ్యాహ్నం బట్టలు తీయడానికి డాబా ఎక్కి దిగేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన లేడు, పాపా లేదు. సందు చివర చాయ్ హోటల్ జంగమ్మ నన్ను చూసి, "ఎయిర్‌పోర్ట్ దిక్కు పోయిండు, పోరిని ఎత్తుకొని," అంది. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. ఇచ్చేస్తాడు. ఎవరు చేయి చాపినా ఇచ్చేస్తాడు. జన్మలో ఎవరి వస్తువూ ఉంచుకోని మనిషి.

పెద్ద రోడ్డు పక్కన ఎదురొస్తూ కనిపించాడు. పాప భుజం మీద నిద్రపోతోంది, తల మీద ఎండకు కప్పిన దస్తీ. విమానం ఒకటి మా నెత్తి మీదుగా దిగుతుంటే, చప్పుడు పోయేదాకా పాప చెవి మూసి పట్టుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మంజులా, తప్పు చేసిన."

"ఏమైంది?"

"వాళ్లు దొరికిన్రు. గా ఏపచెట్టు కాడ నిలబడ్డరు. ఆయనది నీలం అంగి. ఆమెకు పచ్చ గాజులు. మా పాపను ఇయ్యి అన్నరు."

చెట్టు కింద ఎవరూ లేరు.

"నువ్వేమన్నవ్?"

మెడ వెనక గోక్కున్నాడు. జ్వరం వచ్చిన తర్వాత ఆయన అలా గోక్కోవడం అదే మొదటిసారి.

"ఇయ్యబుద్ధి కాలె. ఎవ్వల సామాను ఉంచుకున్నోన్ని కాదు గద. గిప్పుడు అబద్ధమాడిన. నా బిడ్డనే అన్న."

నేను వెయ్యిసార్లు అరిచి చెప్పినా నిలవని మాట. దానికోసం లేని మనుషులను పుట్టించి, వాళ్లకు అంగీ గాజులు తొడిగి, వాళ్లను గెలిచి వచ్చాడు. ఎవరికో దండం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియక, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నమ్మిన్రా?"

"నమ్మిన్రు. ఏడ్సుకుంట పోయిన్రు. నాకు పాపం తగుల్తదా?"

"తగల్దు. గీ అబద్ధం మంచిగ అతికింది. మల్ల ఎవలొచ్చినా గదే చెప్పు."

"మల్లొస్తరంటవా?" అని చెట్టు వైపు ఒకసారి చూసి, పాపను అవతలి భుజానికి మార్చుకున్నాడు.