పది లెక్కపెట్టేదాకా

చిన్నపిల్లల బడిలో ఆయమ్మకి ఏం పని ఉంటుంది అని ఎవరైనా అడిగితే ఆవిడకి ఒళ్ళు మండేది. ఏం పని ఏమిటి? ఇరవై ముక్కులు తుడవాలి, నలభై బూట్లు తొడగాలి, ఒకడు కొరికితే ఇంకొకడి చేయి విడిపించాలి. చలికాలం వచ్చిందంటే ఇరవై కోట్లకి జిప్పులు లాగాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుంటే చాలు, పిల్లలు వరసగా వచ్చి గడ్డాలు పైకెత్తి నిలబడేవాళ్ళు. సర్రు, సర్రు, సర్రు. ఐదు నిమిషాల్లో గది గదంతా బయట మంచులో ఉండేది.

అలాంటి మనిషి ఈ చలికాలం జిప్పు ముట్టుకోవడం మానేసింది.

మానేసింది అనడం కూడా అబద్ధమే. చేతులు మానేశాయి. కిందటి చలికాలమే కుడి బొటనవేలు మొండికేసింది, ఈసారి చూపుడువేలు కూడా దానితో జట్టు కట్టింది. పొద్దున లేచేసరికి పిడికిలి బిగుసుకుపోయి ఉండేది, వేడినీళ్ళలో పావుగంట నానబెడితేగానీ తెరుచుకునేది కాదు. కూతురు ఒకరోజు చూసి, "ఏంటమ్మా, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నావ్?" అంటే, "చలేస్తోంది, నీకు వెయ్యట్లేదా?" అని కసిరేసింది. కూతురు ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటుందా? ఆ రోజు నుంచీ గ్లాసులో సగమే పోసుకుని ఒక్క చేత్తో తాగడం మొదలుపెట్టింది.

ఇక బడిలో చెప్పడమా? చెబితే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. పక్కగది ఆయమ్మకి నడుం పట్టేసి పాలగ్లాసుల పళ్ళెం జారిపోతే, వారం తిరక్కుండా చేతిలో ఒక పూలగుత్తి పెట్టి "హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నారు. విశ్రాంతట! నాలుగు గోడల్ని చూస్తూ కూర్చోవడానికి అదొక ముద్దుపేరు. ఈ ఇరవై ముక్కులూ లేకపోతే తను పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆవిడకి కాలు ఒకచోట నిలిచేది కాదు. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచేది, సర్దిన బూట్లే మళ్ళీ సర్దేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త టీచరమ్మ వచ్చింది. చెవిమీద పెన్సిలు పెట్టుకుని ఎప్పుడూ దానికోసం వెతుక్కునే పిల్ల. ఏడాదిపాటు చూస్తాం, నచ్చితేనే ఉంచుకుంటాం అన్న షరతుమీద చేరింది. చలికాలం గురించి పుస్తకంలో చూపిస్తే పిల్లలకి ఏం తెలుస్తుంది, చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది అనేది ఆ అమ్మాయి పట్టుదల. ఒక బకెట్టు నిండా మంచు లోపలికి తెప్పించి మూల పెట్టి, అది కరిగి ఎంత కిందికి దిగిందో గంటకోసారి పిల్లలచేతే గీత గీయించింది. చేతితొడుగులన్నీ గుట్టపోసి జతలు వెతికించింది. బయట మంచులో ఎవరి అడుగు ఎంత పొడుగో దారంతో కొలిపించింది. గిన్నెల్లో నీళ్ళు పోసి, అందులో ప్లాస్టిక్ ఏనుగుల్నీ ఎలుగుల్నీ వేసి రాత్రంతా గడ్డకట్టించి, పొద్దున ఉప్పూ చెంచాలూ గోరువెచ్చని నీళ్ళూ ఇచ్చి, "పాపం ఏనుగు ఇరుక్కుపోయింది, ఎలా బయటికి తీస్తారో తియ్యండి!" అంది. ఇక చూడాలి ఆ గోల!

దాంతోపాటు ఒక నియమం కూడా పెట్టింది. కోటు అయినా, బూటు అయినా పిల్లలే వేసుకోవాలి. పది లెక్కపెట్టేదాకా పెద్దవాళ్ళు చేయి వేయకూడదు. అప్పటికీ రాకపోతే ఏడవకూడదు, అలగకూడదు, నోరు తెరిచి "సాయం కావాలి" అని అడగాలి. సాయం చేసేవాళ్ళు ముందుగా "ఎక్కడ ఆగింది?" అని అడిగి, ఆ ఒక్కచోటే చేయి వేయాలి.

"ఆయమ్మా, మీకిది కష్టంగా ఉంటుందేమో," అని నసిగింది టీచరమ్మ. "ఇన్నేళ్ళ అలవాటు కదా. చేతులు ఊరుకోవు."

"అయ్యో, కష్టమేముందమ్మా! పిల్లలు నేర్చుకోవద్దూ?" అంది ఆయమ్మ. కాళ్ళమీద పడి దండం పెట్టాలనిపించింది ఆవిడకి. ఆ నియమం తనకోసమే ఎవరో పంపినట్టుంది.

అక్కడినుంచి నియమం టీచరమ్మదే అయినా దాన్ని కాపలా కాసింది ఆయమ్మే. చేతులు రెండూ ఏప్రాను జేబుల్లో దూర్చి కోట్లు తగిలించే సందులో అటూ ఇటూ తిరుగుతూ ఒకటే కేకలు. "నోరుంది కదరా, అడుగు! నా మొహం చూస్తే జిప్పు పడుతుందా?" ఎవరైనా అడిగితే, "నువ్వెళ్ళి వాడికి చూపించు," అని ఇంకొకణ్ణి తోసేది. మంచుగడ్డల గిన్నెలు బోర్లించాల్సి వచ్చినా అంతే. "మీ ఏనుగు, మీరే దించుకోండి!" ప్రతిదానికీ ఎందుకని అడిగేవాడొకడుండేవాడు, అందరూ వాణ్ణి ఎందుకుగాడనేవాళ్ళు. వాడొకసారి, "ఆయమ్మా, నీ చేతులెప్పుడూ జేబులోనే ఎందుకుంటాయ్?" అన్నాడు. "చాక్లెట్లున్నాయి, నీకు పెట్టను, పో!" అంది. వాడు అరగంటసేపు ఆవిడ వెనకాలే తిరిగాడు.

ఇలా గడిచిపోతుందనే అనుకుంది. మంగళవారం దాకా గడిచింది కూడా.

ఆ రోజు అడుగులు కొలిచే ఆట. పిల్లలంతా కోట్లు తగిలించుకుని తలుపు దగ్గర టీచరమ్మ చుట్టూ మూగారు. సందులో పిడికెడు ఒక్కతే మిగిలిపోయింది. గదిలో అందరికన్నా చిన్నది కాబట్టి దానికా పేరు. దాని కోటు జిప్పుకి పట్టుకునే ముక్క ఎప్పుడో విరిగిపోయి గోరంత మిగిలింది. పది లెక్కపెట్టింది. ఇంకో పది లెక్కపెట్టింది. నేర్పినట్టే బుద్ధిగా తలెత్తి, "ఆయమ్మా, సాయం కావాలి," అంది.

సందులో ఇంకెవరూ లేరు, తోసేద్దామంటే. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని ఆ గోరంత ముక్క పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. మూడోసారి బొటనవేల్లో ఎంత నొప్పి లేచిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయమ్మా, ఆలస్యమవుతోందా? నేను రానా?" అని తలుపు దగ్గరనుంచి టీచరమ్మ పిలిచింది.

"వద్దమ్మా, వద్దు! వచ్చేస్తున్నాం!" అని, పిల్లవైపు తిరిగి గొంతు తగ్గించి, "పెద్దపిల్లవి కదూ? ఇవాళ్టికిలా పద. రెండు నిమిషాలేగా," అంది. కోటు అంచులు రెండూ దగ్గరికి లాగి మఫ్లరు చుట్టి పంపేసింది.

రెండు నిమిషాలు కాదు. అరగంట. మఫ్లరు మొదటి పరుగులోనే ఊడిపోయింది. ఈదురుగాలిలో కోటు రెక్కలు కొట్టుకుంటుంటే పిడికెడు దారం పట్టుకుని తన బుల్లి అడుగులన్నీ కొలిచింది. ఆయమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇప్పుడు పిలుద్దాం, ఇప్పుడు పిలుద్దాం అనుకుంటూనే ఉంది. పిలిస్తే జిప్పు ఎవరు పెడతారు?

బుధవారం పిడికెడు రాలేదు. వాళ్ళమ్మ రాసిన ఉత్తరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోందట. పిల్ల సాయం అడిగినా ఎవరూ జిప్పు పెట్టలేదట. ఇదెక్కడి నియమమని అడిగింది ఆ తల్లి. అడగదూ మరి?

బడి నడిపే పెద్ద మేడమ్ టీచరమ్మని తన గదికి పిలిపించింది. వరండాలో గిన్నెలు కడుగుతున్న ఆయమ్మకి మాటలన్నీ వినిపించాయి.

"అడిగితే సాయం చెయ్యాలని మీ నియమంలోనే ఉంది కదా? మరి ఎవరూ ఎందుకు చెయ్యలేదు?"

"నేను తలుపు దగ్గర ఉన్నాను మేడమ్. నాకు వినిపించలేదు. నియమం నాది, తప్పూ నాదే."

"పిల్లల ఒంటికన్నా మీ ఆటలు ఎక్కువ కాదు. శుక్రవారం వచ్చి చూస్తాను. ఇవి సాగాలా వద్దా, మీరు ఉండాలా వద్దా, అప్పుడే తేలుస్తాను."

సందులో ఎవరున్నారో ఆ అమ్మాయికి తెలియదా? తెలుసు. అయినా ఆయమ్మ పేరు ఎత్తలేదు. తన నియమాన్ని ఆవిడ మరీ గట్టిగా పట్టుకుందనుకుంది కాబోలు, పిచ్చిపిల్ల. ఆయమ్మకి తల తీసేసినట్టయింది. లోపలికి వెళ్ళి నిజం చెప్పేయాలని గుమ్మందాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆ రెండు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తిండి సయించలేదు. "చెబితే నేను పోతాను, చెప్పకపోతే ఆ పిల్ల పోతుంది," ఇదే గొణుగుడు. కూతురు విని, "ఎవరు పోతారమ్మా?" అంటే, "ఎవరూ పోరు, పడుకో!" అని అరిచింది.

శుక్రవారం పిడికెడు వచ్చింది, ఎర్రటి ముక్కుతో, కోటు చేత్తో పట్టుకుని. ఆయమ్మ దాని నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది.

పెద్ద మేడమ్ ఒక బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చుంది. గదిలో ఏనుగుల విడుదల జోరుగా సాగుతోంది. ఎందుకుగాడు ఉప్పు గుప్పెడు గుప్పెడు పోస్తూ, "ఉప్పేస్తే మంచుగడ్డ ఎందుకేడుస్తుంది?" అని మేడమ్‌నే అడిగాడు. మేడమ్ ఒకసారి నవ్వబోయి ఆపుకుంది. ఆ నవ్వు చూసి ఆయమ్మ ఆశపడింది. గట్టెక్కుతామేమో! ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదేమో!

తర్వాత కోట్ల వేళ. మేడమ్ చేతిగడియారం చూసుకుంటూ సందులో నిలబడింది. ఏడు నిమిషాలకి పంతొమ్మిది మంది తయారు. పిడికెడు జిప్పు మాత్రం మళ్ళీ అక్కడే ఆగింది. "ఎనిమిది, తొమ్మిది, పది," అని అందరూ లెక్కపెడుతున్నారు.

"చాలు," అంది మేడమ్. "రెండు రోజులు జ్వరంతో పడుకుని వచ్చిన పిల్లచేత లెక్కలు పెట్టిస్తున్నారా? అలవాటైన మనిషికి ఇది క్షణం పని. ఆయమ్మా, ఇలా రండి. మీరు పెట్టండి, ఎంతసేపు పడుతుందో చూద్దాం. సోమవారం నుంచి మళ్ళీ పాత పద్ధతే."

టీచరమ్మ తల దించుకుంది. చెవిమీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకుంది.

ఆయమ్మ మోకాళ్ళమీద కూర్చుంది. జేబుల్లోంచి చేతులు తీసింది. గోరంత ముక్క పట్టుకుంది, జారింది. పట్టుకుంది, జారింది. పైన మేడమ్ గడియారం, చుట్టూ ఇరవై జతల కళ్ళు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే. ఎవరికైనా రాకపోతే ఆగాలి. ఎందుకుగాడు మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. "ఒకటి, రెండు, మూడు..."

పది అయింది. పిడికెడు వంగి ఆవిడ మొహంలోకి చూసింది.

"ఆయమ్మా, ఎక్కడ ఆగింది?"

ఏడాదిగా ఆ మాట ఆవిడని ఎవరూ అడగలేదు. అడగనిచ్చిందీ లేదు. కుడి బొటనవేలు పైకెత్తి చూపించింది.

"ఇక్కడ తల్లీ. మంగళవారం నువ్వడిగినప్పుడు కూడా ఇక్కడే ఆగింది." తర్వాత పైకి చూసింది. "అమ్మా, ఈ పిల్ల నేర్పినట్టే అడిగింది. నావల్ల కాలేదు. కాలేదని చెప్పుకోలేక, చలిలోకి అలాగే పంపేశాను. ఇందులో టీచరమ్మ తప్పు ఇసుమంత కూడా లేదు. అంతా నేనే చేశాను."

మేడమ్ వంగి ఆ చేతిని చూసింది. "ఎప్పటినుంచి?"

"పోయిన చలికాలం నుంచి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ఆయమ్మ నీళ్ళు నమల్లేదు. "అడిగితే సాయం చేస్తామని పిల్లలకి చెప్పామమ్మా. నాకెవరూ చెప్పలేదు."

తలుపు దగ్గర పిల్లలు బూట్లు నేలకేసి తడుతున్నారు. పిడికెడుకి ఓపిక అయిపోయింది. కోటు అంచులు రెండు చేతులతో పట్టుకుని మేడమ్ ముందుకెళ్ళి నిలబడింది.

"నాది ఇంకా పడలేదు. సాయం కావాలి."

మేడమ్ గడియారాన్ని మోచేతిమీదికి తోసేసుకుని, కీళ్ళు టకటకమంటుంటే నేలమీదికి దిగింది. "ఎక్కడ ఆగింది?" అని అడిగింది. పిడికెడు వేలితో చూపించింది. మేడమ్ ఆ ఒక్కచోటే కాస్త కదిపి వదిలేసింది. మిగతాది పిడికెడే గడ్డందాకా లాక్కుంది.

"టీచర్, మీరు పిల్లల్ని తీసుకెళ్ళండి. పొద్దు పోతోంది," అంది మేడమ్ లేవకుండానే. "వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను." తర్వాత ఆయమ్మ వైపు తిరిగింది. "ఆ పిల్లని అలా పంపడం నేను మర్చిపోను. మీరు సోమవారం మామూలు వేళకే రండి. ముందు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళదాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాక్కూడా ఇంకా తెలీదు."

పిల్లలు కేకలు వేసుకుంటూ మంచులోకి పడ్డారు. ఆయమ్మ ఆ సందులోనే, మేడమ్ పక్కనే, నేలమీద కూర్చుని బావురుమంది.